ఊరును వాడయు

అన్యాయము రెండు బలములచేత నిలుచును. చేయువాని సాహస మొకటి. చూచువారి మౌనము రెండవది. మొదటిదానిని అణచుటకు శాసనములు కలవు, న్యాయస్థానములు కలవు, చెఱసాలలు కలవు. రెండవదానిని అణచుటకు ఏ శాసనమును చాలదు. మౌనమును నేరముగా నెంచి శిక్షింపబూనినచో ఊరిలో సగముమందిని చెఱసాలకు పంపవలసివచ్చును. మౌనమును మాటయే పోగొట్టవలెను. ఆ మాట ఎవరు మొదలిడవలెను? అధికారము గలవారా, అధికారము లేక బాధపడువారా, లేక రెంటికిని నడుమ నున్న గృహస్థులా? ఈ ప్రశ్ననే మే మిచట విచారింపదలచితిమి.

భారత రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. ఆ రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. 1976లో సవరింపబడినప్పుడు అది పౌరహక్కుల రక్షణ చట్టమను పేరు దాల్చెను. 1989లో షెడ్యూల్డు కులములపై, తెగలపై జరుగు అత్యాచారముల నిరోధక చట్టము వచ్చెను. ఇన్ని చట్టముల తరువాత, రాజ్యాంగము పుట్టిన అర్ధశతాబ్దమునకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999లో జస్టిస్ కె. పున్నయ్య గారిని ఏకసభ్య కమీషనుగా నియమించి, అస్పృశ్యత యింకను కలదా, యున్నచో నే రూపమున నున్నది యని విచారింపవలసివచ్చెను. రద్దయిపోయినదానిని గూర్చి విచారణ యేల యని చదువరులు అడుగవచ్చును. శాసనము కాగితముమీద రద్దుచేసినదానిని ఊరు తన యలవాటులో దాచుకొనెను. అలవాటునకు తేదియు లేదు, సంతకమును లేదు. కావుననే దానిని వెదకుటకు మనుష్యులు ఇంటింటికి పోవలసివచ్చినది.

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి ప్రాంతమున తలుపుల యను మండల కేంద్రము కలదు. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరుగువఱకు ఈ సీమ యంతయు అనంతపురము జిల్లాలోనిది. వాన తక్కువ, వేరుసెనగ పంటపై ఆశ యెక్కువ. దేశమందలి మిక్కిలి వర్షాభావము గల ప్రాంతములలో నిది యొకటి. కదిరికి సమీపముననే కటారుపల్లిలో వేమన సమాధి కలదు. కులమును నిలదీసిన యోగి సమాధికి తరతరములుగా మ్రొక్కుచున్న జనులే, కులమునుబట్టి వీధులను విడదీసికొనిరి. ఇది యీ సీమకు మాత్రమే చెందిన నింద కాదు. ఆంధ్రదేశమున ఊరొకచోట, వాడ యొకచోట నుండని గ్రామము అరుదు. మన భాషలో 'ఊరూవాడా' యన్నచో అందఱు నని యర్థము. భాష కలిపినదానిని భూమిమీద మనము విడదీసితిమి. ఆ రెంటి నడుమ నున్న నూఱు గజముల నేలయే మన దేశమున సమత్వమునకు పరీక్షాస్థలము.

ఈ నూఱు గజములను దాటించువా రెవరని రెండు పక్షములవారు చిరకాలముగా వాదించుచున్నారు. శాసనమే దాటించునని కొందఱు. హృదయ పరివర్తనమే దాటించునని మఱికొందఱు. రెండు వాదములలోను సత్యమున్నది, రెండును అసంపూర్ణములు. చరిత్రనుండి యొక నిదర్శనము చూతము. 1923లో బొంబాయి శాసనసభ ప్రజాధనముతో నడచు చెఱువులు, బావులు, పాఠశాలలు అందఱకును తెఱవవలెనని తీర్మానించెను. 1924లో మహాడు పురపాలక సంఘము తన యూరి చవుదార్ చెఱువును అందఱకు తెఱచితిమని తీర్మానము వ్రాసికొనెను. మూడేండ్లు గడచినను ఆ నీటిని ముట్టగల ధైర్యము అస్పృశ్యులనబడిన వారి కెవరికిని కలుగలేదు, కలిగించువారును లేరు. 1927 మార్చి 20న డాక్టరు అంబేడ్కరు గారు వేలమందితో పోయి ఆ నీరు త్రాగిరి. పిదప వారిపై దాడి జరిగెను. ఆ సంవత్సరమే ఆగస్టులో పురపాలక సంఘము తన పూర్వ తీర్మానమును రద్దుచేసికొనెను. తుదకు 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుచే ఆ చెఱువుపై హక్కు నిలిచెను.

ఈ కథలో మనము గ్రహింపవలసినది స్పష్టము. స్థానిక ప్రభుత్వము తీర్మానము చేసెను గాని, ఆ తీర్మానమును ఊరిలో నిలబెట్టు పౌరసంఘము దానిలో లేకపోయెను. పౌరులు కదలిరి గాని, ఆ కదలికకు అండగా నిలువవలసిన స్థానిక ప్రభుత్వము వెనుదీసెను. రెండు చేతులును ఉన్నవి. ఒక చేయి చాచినప్పుడు రెండవది ముడుచుకొనెను. పదమూడేండ్ల కాలము ఆ యెడబాటునకు చెల్లించిన వెల.

నీటిని గూర్చిన కథ మనకును క్రొత్త కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. తాము త్రాగు చెఱువు నీటిని పశువులకొఱకు మురికిచేయుటకు వాడవారు ముందటి దినమున అభ్యంతరము చెప్పుటయే దానికి మొదలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు హతులైరి. ఆ యూరిలోనే నెలకొల్పబడిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. పదునాఱేండ్లకు శిక్ష, ఇరువదిమూడేండ్లకు విడుదల. ఏ తీర్పు సరియైనదో ఇచట మా విచారము కాదు. నెత్తురు చిందిన పిదప న్యాయము ఎంత దూరము నడువవలెనో చూడుడు. చెఱువు గట్టుమీద మాట మొదలైన దినముననే దానిని వినుటకు ఊరిలో నొక పీఠ ముండినచో, అది న్యాయస్థానముకంటె చిన్నదైనను న్యాయస్థానముకంటె ముందు వచ్చియుండెడిది. అట్టి పీఠము నెవరు వేయవలెనన్నదే మన ప్రశ్న.

అధికారులే వేసికొనవచ్చును గదా యని కొంద ఱందురు. అధికారికి చట్టము తెలియును, పోలీసు కలదు, ధనము కలదు. కాని అధికారికి కన్నులు ఊరిలో నున్నవి. ఊరినుండి వచ్చు వార్త ఊరి పెద్దల నోటిమీదుగా వచ్చును. 'మా గ్రామమున అట్టి దేమియు లేదు. అందఱము అన్నదమ్ములవలె నున్నాము' అని వారు చెప్పుదురు. ఫిర్యాదుల పుస్తకము ఖాళీగా నుండును. ఖాళీ పుస్తకము శాంతికి గుర్తు కావచ్చును. భయమునకును గుర్తు కావచ్చును. కూలికి పిలుచువాడును, అప్పిచ్చువాడును, తాగునీటి వంతు నిర్ణయించువాడును ఒకడే యైనచోట, వానిపై ఫిర్యాదు వ్రాయువాడు రేపటి కూడు ఎచటనుండి వచ్చునో ముందు ఆలోచించుకొనవలెను. పున్నయ్య గారి కమీషను చేసిన మేలు ఇదియే: ఫిర్యాదు తనయొద్దకు వచ్చువఱకు కూర్చుండక, జిల్లాలు తిరిగి, వాడలోనివారి నోట విని, 2001లో తన నివేదిక నిచ్చెను. టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి, దేవాలయ ప్రవేశ నిషేధము మున్నగునవి అప్పటికి ప్రభుత్వ కాగితములలో సాక్ష్యముతో నిలిచెను. 2003లో రాష్ట్ర షెడ్యూల్డు కులముల, తెగల కమీషనునకు చట్టము వచ్చెను. ప్రతి నెలాఖరున, 30వ తేదిన, అధికారులు ఒక గ్రామమునకు పోయి పౌరహక్కుల దినము జరుపు ఆచారమును ఆ ప్రయత్నమునకు ఫలమే.

అయితే అధికారులు మాత్రమే నడపినచో ఏ మంచి ఏర్పాటైనను ఉత్సవమగును. ఆ దినమున పందిరి, బల్ల, ఉపన్యాసము, ఛాయాచిత్రము ఉండును. తహసీలుదారు గారితో కలిసి వాడవారు ఒకే దుకాణమున టీ త్రాగుదురు. మంచిదే. కాని మఱునాటి యుదయమున ఆ దుకాణమువాడు ఏ గ్లాసు తీయునో ఎవరు చూతురు? తహసీలుదారు గారు చూడలేరు. వారికి మఱి నెలకు మఱియొక గ్రామము కలదు. చూడవలసినవాడు ఆ వీధిలోనే యుండువాడు.

అట్లయిన పౌరసంఘములే చాలునా? చాలవు. వాడలోనివారి సంఘము సత్యము చెప్పగలదు, గణన చేయగలదు, సభ పెట్టగలదు. కాని కొళాయి గొట్టమును వాడవఱకు పొడిగించుటకు దానికి అధికారము లేదు. శ్మశానమునకు దారి విడిపించుటకు భూమి పుస్తకము దానిచేత లేదు. అధికారమునకు చెవి లేదు. పౌరులకు చేయి లేదు. చెవిలేని చేయి కొట్టుటకే పనికివచ్చును. చేయిలేని చెవి ఏడ్చుటకే పనికివచ్చును.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియకపోలేదు. పౌరహక్కుల రక్షణ చట్టమందలి 15ఎ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వము తగిన స్థాయిలలో సంఘముల నేర్పఱచి, అస్పృశ్యత పాటింపబడు ప్రాంతములను గుర్తించి, కాలక్రమమున పరిశీలనలు జరుపవచ్చునని చెప్పుచున్నది. అత్యాచారముల నిరోధక చట్టము క్రింద 1995లో వచ్చిన నిబంధనలు జిల్లాస్థాయి నిఘా, పర్యవేక్షణ సంఘమును విధించినవి. దానికి కలెక్టరు అధ్యక్షుడు. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, పోలీసు సూపరింటెండెంటు అందు సభ్యులు. వీరికి తోడు షెడ్యూల్డు కులములకు, తెగలకు చెందిన అనధికారులు అయిదుగురికి మించకుండ, స్వచ్ఛంద సంస్థలతో సంబంధము గల యితరులు ముగ్గురికి మించకుండ కూర్చుందురు. మూడు నెలల కొకసారియైనను ఈ సంఘము చేరవలెను. తరువాత డివిజను స్థాయిలోను ఇట్టి సంఘములు ఏర్పడినవి. అనగా పీఠము వేయబడియే యున్నది. దానిపై ఎవరు, ఏ ధైర్యముతో కూర్చుందురనునదే మిగిలిన ప్రశ్న.

ఇచట నొక సూక్ష్మమైన నైతిక సమస్య కలదు. తనను విమర్శించు సంఘమును తానే నియమించు ప్రభుత్వము, అద్దమును కొని తెచ్చుకొనువానివంటిది. అద్దము వికారమును చూపినచో దానిని మార్చుటకు అతనికి శక్తి కలదు. కావున కలెక్టరు గారి యెదుట కూర్చున్న అనధికార సభ్యుడు రెండు ప్రలోభములకు లోనగును. గౌరవముగా పిలిచినవారిని నొప్పించుట మర్యాద గాదని మౌనము వహించుట మొదటిది. తన వర్గము మెచ్చుటకై ప్రతి మాటను కలహముగ మార్చుట రెండవది. ఈ రెంటినుండియు వానిని కాపాడునది వాని సుగుణము మాత్రమే యైనచో, ఆ యేర్పాటు బలహీనమైనది. సుగుణమునకు నియమము తోడు కావలెను.

ఆ నియమములు మాకు నాలుగుగ దోచుచున్నవి. బాధపడు వాడనుండి వచ్చు సభ్యుడు దయచే గాక హక్కుచే కూర్చుండవలెను. వానిని వాడవారే సూచింపవలెను. స్త్రీ లందు తప్పక యుండవలెను, ఏలయన బిందె మోయునది స్త్రీ, దుకాణము ముందు కూర్చుండునది పురుషుడు, ఇద్దఱు చూచు వివక్ష యొకటి కాదు. సభలో జరిగినది వ్రాయబడి, పంచాయతి కార్యాలయపు గోడమీద అందఱు చదువునట్లు అంటింపబడవలెను. సంఘము చేసిన ప్రతి సిఫారసునకును అధికారి నియమిత కాలములో సమాధానము చెప్పవలెను. కాదన్నచో ఏల కాదో చెప్పవలెను. కమీషనుల సిఫారసులు ప్రభుత్వమును బంధింపవు. కాని సమాధానము చెప్పు బాధ్యత బంధింపగలదు. తుదకు, గ్రామ ధనములో వాడకు చేఱినది యెంతయో లెక్క చూపబడవలెను. సమత్వమునకు ఉపన్యాసముకంటె లెక్క మంచి సాక్షి.

లెక్కను గూర్చి మన రాష్ట్రముననే మంచి నిదర్శన మున్నది. జనసంఖ్యకు తగినంత ధనము షెడ్యూల్డు కులములకు, తెగలకు కేటాయింపవలెనన్న ఉప ప్రణాళిక చిరకాలము ప్రభుత్వపు ఉత్తరువులతోనే నడచెను. కేటాయించిన ధనము ఇతర పనులకు మరలుచుండగా, పౌరసంఘములు పద్దులు చదువ నేర్చి, మరలిన ధనమును లెక్కవేసి, బయటపెట్టి, చాలకాలము పోరాడినవి. 2013లో అది చట్టమయ్యెను. చట్టము చేసినది శాసనసభ. చేయించినది లెక్క నేర్చిన పౌరులు. ఆ చట్టము వలన అన్నియు సమకూరెనని మేము చెప్పుట లేదు. అడుగువానిచేతికి ఆధారము వచ్చెనని చెప్పుచున్నాము.

గ్రామ పంచాయతి సంగతి చూతము. 73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది మొదలు, జనసంఖ్యను బట్టి షెడ్యూల్డు కులములవారికి సర్పంచి పదవులు, సభ్యత్వములు కేటాయింపబడుచున్నవి. కుర్చీ వచ్చెను. కాని కుర్చీపై కూర్చుండనిచ్చువా రెవరు? సర్పంచి నేలమీద కూర్చుండగా ఉపసర్పంచి సంతకము పెట్టించుకొను గ్రామములను గూర్చి దేశమంతట వినబడుటచేతనే, 2015లో చేసిన సవరణము, పంచాయతి సభ్యుడు గాని అధ్యక్షుడు గాని అగు దళితుని తన విధులు నెఱవేర్పనీయకుండుటను నేరముగ చేసినది. అయితే నేరమని తెలిసిన మాత్రమున సర్పంచి పోలీసు ఠాణాకు పోగలడా? గ్రామసభలో నిండుగ జనులు కూర్చుండి, 'సర్పంచి గారు కుర్చీలో కూర్చుండిన పిదపనే సభ మొదలు కావలెను' అని ఒక పెద్దమనిషి పలికినచో, ఆ మాట ఒక సెక్షనునకు సమానము. ఆ మాట పలుకునది ఊరివైపు గృహస్థుడైనచో దాని బలము రెట్టింపు.

ఇతర దేశములలోను ఈ ప్రయోగము జరిగినది. 1919లో చికాగో నగరమున జాతి కలహము చెలరేగి పలువురు మృతినొందిన పిదప, ఇల్లినాయి రాష్ట్ర గవర్నరు ఆరుగురు శ్వేతజాతీయులను, ఆరుగురు నల్లజాతివారిని చేర్చి విచారణ సంఘము నేర్పఱచెను. వారు వీధులను, ఇండ్ల అద్దెలను, పనిచోట్లను, పత్రికల వ్రాతలను శోధించి 1922లో పెద్ద గ్రంథము ప్రకటించిరి. సగము సగముగ కూర్చుండి ఒకే కాగితముమీద సంతకము చేయుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. కాని ఆ సలహాలను నెఱవేర్చు అధికారము ఆ సంఘమునకు లేదు. గ్రంథము మిగిలెను, విభజన చాలకాలము నిలిచెను. కన్ను చూచినను చేయి కదలనిచో నేమగునో యిది చెప్పును.

మనవారు కడలి దాటినప్పుడు కులమును పెట్టెలో పెట్టుకొని పోయిరనుట విచారకరము. తెలుగువారు పెక్కుమంది నివసించు కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో, పౌరులతో కూడిన మానవహక్కుల కమీషను 2021 ఏప్రిలులో కుల వివక్షపై బహిరంగ విచారణ జరిపెను. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర సభ వివక్షా నిషేధ శాసనములో కులమును చేర్చి, అమెరికాలో అట్లు చేసిన మొదటి నగరమయ్యెను. అదే సంవత్సరము కాలిఫోర్నియా శాసనసభ కులమును గూర్చి చట్టము చేసినను, ఉన్న చట్టములే చాలునని గవర్నరు అక్టోబరులో దానిని నిరాకరించెను. కులమును గూర్చి చట్టము చేయుట మన సమాజమునకు మచ్చ తెచ్చునని మనవారిలో కొందఱు వాదించిరి. వారి బాధ మాకు అర్థము కాకపోలేదు. అయినను మచ్చ అద్దమువలన రాదు. తలుపులలోనైనను, సియాటిల్‌లోనైనను, విచారణకు భయపడవలసినవాడు నేరము చేయువాడే. నిర్దోషికి విచారణ రక్షణ.

ఒక యాక్షేపణ మిగిలినది. 'మఱచుచున్న గాయమును మరల రేపనేల? ఊరి పెద్దలు రాజీ చేయుదురు గదా' అందురు. గాయము మఱచుచున్నది ఎవరు? కొట్టినవాడు త్వరగా మఱచును. పడినవాడు మఱచినట్లు నటించును. రాజీ సమానుల నడుమ న్యాయము. అసమానుల నడుమ అది బలవంతుని తీర్పే, మెత్తని మాటలలో చెప్పబడినది. మా కోరిక ఊరిని చీల్చుట గాదు. చీలిక అదివఱకే కలదు. దానిని చూచుటకు దీపము అడుగుచున్నాము.

చదువరులారా, మీలో పెక్కుమంది సభలలో సభ్యులు కారు, అధికారులు కారు. అయినను మీకు చేయదగిన పని కలదు. మీ గ్రామసభకు పోయి చివరివఱకు కూర్చుండుడు. చదువుకొన్నవారు తెచ్చు సంకోచముచేతనే ఆ సభలు కొద్దిమంది చేతిలో నున్నవి. జిల్లా నిఘా సంఘము ఈ సంవత్సరము ఎన్నిసార్లు చేరెనో, ఏమి నిర్ణయించెనో 2005నాటి సమాచార హక్కు చట్టమున అడుగుడు. రెండు పుటల యర్జీ చాలును. పౌరహక్కుల దినము ముగిసిన మఱునాడు ఆ టీ దుకాణమునకు పోయి, ఒక గ్లాసు టీ త్రాగి, ప్రక్కవానికి ఏ గ్లాసు వచ్చెనో చూడుడు. మీ ఇంటి వంటయింటిలో పనిచేయు అమ్మకు ఏ పాత్ర వాడబడుచున్నదో, అద్దెకు వచ్చినవానిని మొదట అడుగు ప్రశ్న యేదో గమనింపుడు. ఇంట రెండు గ్లాసులుంచుకొని వీధిలో ఒక గ్లాసునకై సభ పెట్టుట, దీపము ఆర్పి దివిటీ వెలిగించుటవంటిది.

తలుపుల యను ఊరిపేరు వినగనే మాకు దోచు మాట యొకటి. తలుపు బయటివాడు తట్టగలడు; ధైర్యముండినచో గట్టిగ తట్టగలడు. శాసనము తట్టినది, కమీషను తట్టినది, వాడవారు తరతరములుగ తట్టుచున్నారు. గడియ మాత్రము లోపల నున్నది. దానిమీద చేయి వేయవలసినవారు లోపలివారే.